ఆకుల్లేని పూలకుండీ

రాజలక్ష్మి మల్లెపొదలు ఎండకు మాడి చావలేదు, ఎండ లేక చచ్చాయి. మద్రాసులో ఎండ చాలక మొక్కలు పోయాయంటే వినేవాళ్లు నవ్వుతారు. కానీ చింతాద్రిపేటలో, ఆమె పెరట్లో జరిగింది అదే.

ఆమె భర్త ఏకాంబరానికి ఊళ్లోనే ప్యారిస్ బజారు దగ్గర బొత్తాల అంగడి ఉంది. చొక్కా బొత్తాలు, జాకెట్టు హుక్కులు, జిప్పులు టోకున అమ్ముతాడు. కూతురు మధుమిత షోళింగనల్లూరులో ఉద్యోగం చేస్తుంది. పొద్దున్నే కంపెనీ క్యాబ్ ఎక్కితే మళ్లీ దీపాలు పెట్టాకే ఇల్లు చేరుతుంది. ఇక పగలంతా ఇంట్లో మిగిలేది రాజలక్ష్మి, ఇంటి వెనక ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు ఉన్న పెరడు.

పెళ్లై వచ్చిన మొదటి వేసవిలో ఆ పెరట్లో ఒక గుండుమల్లె అంటు నాటింది. పాతికేళ్లలో అది నేలలోనూ కుండీల్లోనూ పద్నాలుగు పొదలైంది. పురసవాక్కంలోని ఒక కళ్యాణమండపంలో ఏటా ఏప్రిల్ నెలలో తోటలంటే ఇష్టమున్నవాళ్లంతా కలిసి పూల ప్రదర్శన పెడతారు. అందులో పూలకుండీల విభాగం కప్పు రాజలక్ష్మి తొమ్మిదిసార్లు తెచ్చుకుంది. కప్పులన్నీ హాల్లో టీవీ పక్కన వరసగా ఉంటాయి. చుట్టాలెవరైనా వస్తే ఏకాంబరం వాటిని తన కప్పుల్లాగే చూపించేవాడు.

నాలుగేళ్ల కిందట తూర్పు పక్కింటి గోపాలస్వామి పాత ఇల్లు పడగొట్టి ఐదంతస్తులు లేపాడు. పెరటికి పడమట అప్పటికే ఒక గోడౌను గోడ ఉండేది. ఇంత కాలం ఎండ వచ్చింది తూర్పు నుంచే. ఇప్పుడు ఆ వైపు బాల్కనీలు ముందుకు పొడుచుకొచ్చాయి. మిట్టమధ్యాహ్నం ఒక్క అరగంట ఎండ గీతల్లా జారి, గోడ మీదికెక్కి వెళ్లిపోయేది. మల్లెలు మొదట మొగ్గ తగ్గించాయి, తర్వాత ఆకు రాల్చాయి, ఆ తర్వాత కొమ్మలు ఎండాయి. రాజలక్ష్మి కుండీల్ని ఆ అరగంట ఎండ వెంట గోడ పక్కనుంచి గోడ పక్కకు ఈడ్చేది. నడుం పట్టేసింది గానీ మల్లెలు దక్కలేదు.

గోపాలస్వామి చెడ్డవాడు కాదు. స్టీలు సామాన్ల వ్యాపారి, నోరు మాత్రం పెద్దది. ఆయన తన కొత్త మిద్దె మీద తోట మొదలుపెట్టి, ఒక రోజు గోడ మీదుగా పిలిచాడు.

"చెల్లెమ్మా, ఎట్లా ఈడ అవి బతికేట్టు లేవు గదా. మిగిలిన అంటులు రెండు నాకియ్యకూడదా? పైన ఎండ బ్రహ్మాండంగా ఉండాది."

చచ్చేదానికన్నా ఎక్కడో ఒకచోట బతకడం మేలనుకుని రాజలక్ష్మి రెండు కాదు, నాలుగిచ్చింది. మరుసటి ఏప్రిల్‌లో పూలకుండీల కప్పు గోపాలస్వామికి వచ్చింది. వేదిక మీద ఆయన చేతిలో ఉన్నది ఆమె గుండుమల్లె. ముందు వరుసలో కూర్చుని రాజలక్ష్మి చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చి పెరటి తలుపుకు గడియ పెట్టింది. తర్వాత మూడు నెలలు ఆ గడియ బట్టలు ఆరేయడానికి తప్ప తీయలేదు.

"టైల్స్ వేయించేద్దాం లే. బండి పెట్టుకోనన్నా పనికొస్తాది," అన్నాడు ఏకాంబరం ఒకరోజు, జాగ్రత్తగా ఆమె ముఖం చూస్తూ.

"మీ ఇష్టం," అంది రాజలక్ష్మి. ఏకాంబరానికి అది నచ్చలేదు. ఆమె తిట్టుంటే బాగుండేదనిపించింది.

టైల్స్ మనిషి వచ్చి కొలతలు తీసుకెళ్లిన వారమే రాజలక్ష్మి పురసవాక్కంలో నాటు మందుల అంగడికి వెళ్లింది. మధుమిత జుట్టు రాలుతోందని నూనెలో వేసే వేర్లకోసం. అంగడి లోపల చీకటి గదిలో గోనెసంచులు పేర్చి ఉన్నాయి. అడుగునున్న ఒక సంచి చిరుగులోంచి ఊదారంగు మొన ఒకటి, వేలెడంత, బయటికి పొడుచుకొచ్చి ఉంది. రాజలక్ష్మి వంగి చూసింది. మొలక. మట్టి లేదు, నీళ్లు లేవు, వెలుతురన్నది లేదు. ఆ సంచిలో పడి, ఆ చీకట్లో అది మొలిచింది.

"ఇదేంది?" అని అడిగింది తమిళంలో.

అంగడాయన పలికేలోపు, సంచి మీద కూర్చుని టీ తాగుతున్న ఒక నడివయసు మనిషి పలికింది. పేరు కాళియమ్మ. కొల్లిమలై కొండల మీద ఆమెకు కొంచెం భూమి ఉంది. అక్కడ పండిన గడ్డలు, వేర్లు మూడు నెలలకోసారి ఈ అంగడికి తెచ్చి వేస్తుంది.

"భూచంపకం. కాలు విరిగినా, వాపొచ్చినా నూరి కడతారు. పువ్వు చూశావా ఎప్పుడైనా?"

"లేదు. మా ఇంట్లో ఇప్పుడు ఏ పువ్వూ పూయదు. ఎండ లేదు."

"ఎండ ఎందుకు దీనికి?" కాళియమ్మ వింతగా చూసింది. "పనసచెట్ల కింద పెరుగుతుంది. ఎండ తగిలిందా, ఆకు కాగితంలా కాలిపోతుంది. మా కొండ మీద చెట్టు కింద పెరిగేవే ఎక్కువ. అన్నీ నెత్తి మీద ఎండ పెట్టుకుని బతకవు గదమ్మా."

రాజలక్ష్మి జుట్టు నూనె సంగతి మరిచిపోయింది. కాళియమ్మ సంచి విప్పి, మొలకలున్నవి ఏరి, రెండు దోసిళ్ల గడ్డలు పాత వార్తాపత్రికలో కట్టి ఇచ్చింది. తన ఫోను నంబరు కూడా దాని మీదే రాసింది.

ఆ సాయంత్రం ఏకాంబరం అంగడి కట్టేసి వచ్చేసరికి పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. రాజలక్ష్మి చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని మట్టి తవ్వుతోంది.

"టైల్స్ వాడికి ఫోన్ చేసి వొద్దని చెప్పండి," అంది తలెత్తకుండా.

ఆయన చెప్పులు కూడా విప్పకుండా ఫోను తీశాడు.

ఆ ఏడు వానలకు భూచంపకం ఆకులు లేచాయి. నిటారుగా, జానెడు, మీద ముదురాకుపచ్చలో వెండిరంగు మరకలు, వెనక వైపు వంకాయ రంగు. ఎండలేని ఆ పెరట్లో అవి ఎంత నిగనిగలాడాయంటే, మధుమిత రోజూ క్యాబ్ ఎక్కేముందు ఒక ఫోటో తీసుకెళ్లేది. పై బాల్కనీల్లోంచి కొందరు తొంగిచూడడం మొదలుపెట్టారు.

డిసెంబరు వచ్చేసరికి ఆకులు పసుపు తిరిగాయి. రాజలక్ష్మి ఒక్కో కుండీ దగ్గరా వంగి చూసింది. మల్లెలు పోయిందీ ఇట్లాగే, ముందు పసుపు తిరిగి. ఆమె తనకు తెలిసిందే చేసింది. నీళ్లు పోసింది. చాలలేదేమోనని పూటపూటా పోసింది. పేడ ఎరువేసింది. జనవరిలో ఒక కుండీలో వేలు పెడితే మెత్తగా, వాసనగా తగిలింది. గడ్డలు కుళ్లిపోయాయి. ఇరవై మూడు కుండీల్లో గట్టిగా మిగిలినవి నాలుగే.

కాళియమ్మకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. అవతల కాళియమ్మ కాసేపు నవ్వి, "నిద్రపోయే బిడ్డ నోట్లో పాలు పోశావమ్మా నువ్వు. అది చావలేదు, పడుకుంది. పడుకున్నదాన్ని ముంచేశావు," అంది. "ఫోన్లో చెబితే ఎక్కదు. ఇక్కడికి రా."

సంక్రాంతి సెలవులు అయ్యాక మధుమిత రెండు రోజులు లీవు పెట్టింది. తల్లీకూతుళ్లు సేలం దాకా రైలెక్కి, అక్కడినుంచి బస్సులు మారి, డెబ్బై మలుపుల దారిలో కొండెక్కారు. దారిలో మధుమిత రెండుసార్లు వాంతి చేసుకుంది. "అయ్యో మా, ఒక గడ్డకోసం ఇంత దూరమా? ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టుంటే సరిపొయ్యేది," అని దారంతా సణిగింది. రాజలక్ష్మి వినలేదు. కిటికీలోంచి చెట్లకింద నేలనే చూస్తోంది.

కాళియమ్మ పొలం పొలంలా లేదు. పనసచెట్లు, వాటికి ఎగబాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు, అంతకన్నా కింద ఎండుటాకులు. ఆకుల మీద వెలుతురు చిల్లర పోసినట్టు చుక్కలు చుక్కలుగా పడి కదులుతోంది.

"భూచంపకం ఏది?" అంది రాజలక్ష్మి చుట్టూ చూసి.

"కాలు తియ్యి. దాని మీదే నిలబడ్డావు."

రాజలక్ష్మి ఉలిక్కిపడి పక్కకు దూకింది. అక్కడ ఎండుటాకులు తప్ప ఏమీ లేదు. కాళియమ్మ కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని ఆకుల్లోకి దింపింది. పైన పొడిగా గలగలమంది, కొంచెం లోపలికి వెళ్తే చల్లగా, ఇంకా కిందికి వెళ్తే నల్లగా, కాఫీపొడిలా రాలిపోయే మట్టి. మణికట్టు దాకా దిగింది చెయ్యి. పారతో తవ్వకుండా చెయ్యి అంత లోతు దిగే నేల రాజలక్ష్మి జన్మలో చూడలేదు.

"పిడికిట్లో పట్టి పిండు," అంది కాళియమ్మ. పిండింది. ఒక్క చుక్క రాలేదు, కానీ అరచేయి తడిసింది. "ఇంతే తడి. ఇది కూడా వానాకాలంలోనే. పుష్యం, మాఘం, ఫాల్గుణం మూడు నెలలు దాని జోలికి పోవద్దు. పైన ఆకు కప్పి వదిలెయ్యి. పువ్వు దానికి తోచినప్పుడు వస్తుంది."

తిరుగు ప్రయాణంలో వాళ్ల సంచిలో గడ్డలు మళ్లీ నిండాయి. అడవిలో తవ్వినవి కావు, కాళియమ్మ తన చెట్లకింద పెంచినవే. వాటితో పాటు నీడలో పెరిగే కచ్చూరం, అడవి పసుపు, చెంగల్వకోష్టు గడ్డలు. రైల్లో మధుమిత సణగలేదు. ఫోన్లో ఏదో చదువుతూ, "అమ్మా, ఇదంతా చెట్టు కింద చెట్టు, దాని కింద మొక్క, దాని కింద ఆకు. అడుక్కొక లేయర్. మన ఇంట్లో పెద్దచెట్టు లేదే?" అంది.

"ఎందుకు లేదు?" అంది రాజలక్ష్మి. "ఐదంతస్తుల చెట్టుండాది గదా, గోపాలస్వామి అన్న నాటింది."

అడవి నేల చేయాలంటే ముందు ఆకు కావాలి. చింతాద్రిపేటలో ఆకెక్కడిది? కూవం నది ఒడ్డున రోడ్డు పక్కన నిద్రగన్నేరు చెట్లున్నాయి. వాటికింద ఊడ్చేవాళ్లు పోగుచేసిన ఎండాకు కుప్పలున్నాయి. ఆదివారాలు ఏకాంబరం స్కూటరు మీద ముందొకటి, వెనకొకటి గోనెసంచి పెట్టుకుని ఆకు మోసేవాడు. బొత్తాల ఏకాంబరానికి మతి పోయిందని వీధిలో కొందరన్నారు. ఆయన పట్టించుకోలేదు. రాజలక్ష్మి మళ్లీ అన్నంలో మిరపకాయ బజ్జీ నంజుకుంటోంది, ఫోన్లో అక్కచెల్లెళ్లతో గట్టిగా నవ్వుతోంది. అందుకోసం ఎన్ని సంచులైనా మోయొచ్చు.

ఆకును పెరటి మూలలో కుప్ప వేసి తడిపి కుళ్లబెట్టారు. పెరటి నేల గట్టిపడిపోయి ఉంటే రాజలక్ష్మి రెండడుగులు తవ్వించి, అడుగున పగిలిన ఇటుకలు పోసింది, నీళ్లు నిలవకుండా. పైన ఇసుక, కొబ్బరి పొట్టు, నల్లబడిన ఆకుమట్టి. గోడ వారగా కొంచెం ఎత్తు చేసి వాలు తీసింది. మొదటిసారి కలిపిన మట్టి మరీ జిగటైంది. మళ్లీ తీసి మళ్లీ కలిపింది. ఎత్తులో చెంగల్వకోష్టు, దాని ముందు అడవి పసుపు, నేలకు అంటుకుని కచ్చూరం, గోడ చెమ్మలో ఫెర్నులు. భూచంపకం కొన్ని నేలలో, కొన్ని వెడల్పాటి మట్టికుండీల్లో.

ఆ వానాకాలానికి పెరడు పెరడులా లేదు. గోడౌను గోడ కనిపించకుండా పోయింది. బట్టలు ఆరేసే తాడు మిద్దె మీదికి మారింది. చెంగల్వకోష్టు తెల్లగా, ముడతల కాగితంలా పూసినప్పుడు మూడో అంతస్తు నుంచి ఎవరో కిందికి చూసి ఈల వేశారు.

డిసెంబరులో ఆకులు మళ్లీ పసుపు తిరిగాయి. ఈసారి రాజలక్ష్మి నీళ్ల పైపు చుట్టి అటక మీద పెట్టేసింది. కుండీలన్నీ వాన తగలని చూరు కిందికి జరిపింది. మిగిలిన ఆకు కప్పింది. అంతే. చెయ్యి పెట్టి చూడాలని వేళ్లు పీకేవి. చూడలేదు. జనవరి పోయింది. ఫిబ్రవరిలో కుండీల్లో మట్టి నెర్రెలిచ్చింది. మార్చి వచ్చింది. ఖాళీ మట్టి.

బాల్కనీలోంచి గోపాలస్వామి వంగి చూశాడు.

"ఏం చెల్లెమ్మా, మళ్లీ పొయినాయా?"

"పోలేదన్నా. నిద్రపోతా ఉండాయి."

"మూడు నెల్లా? నువ్వు ఊరికే మనసుకు చెప్పుకుంటా ఉండావు," అని ఆయన జాలిగా తల పంకించి లోపలికి వెళ్లిపోయాడు.

రాజలక్ష్మి పైకి ధైర్యంగా అన్నా, ఆ వారమంతా సరిగా తినలేదు. మార్చి ఇరవై ఎనిమిదిన కుండీల మీది ఆకులు సవరిస్తుంటే వేలికి ఏదో గుచ్చుకుంది. చూస్తే మట్టి నెర్రెలోంచి ఊదారంగు మొన. పక్కన ఇంకోటి. పక్క కుండీలో మూడు.

"ఏమండీ!" అని కేక పెట్టింది. ఏకాంబరం పాము కనిపించిందేమోనని కర్ర తీసుకుని పరిగెత్తాడు.

నాలుగో రోజు పొద్దున మొదటి పువ్వు విచ్చుకుంది. ఆకు లేదు, కాడ లేదు, రెమ్మ లేదు. ఖాళీ మట్టిలోంచి నేరుగా పువ్వు. సన్నని తెల్లటి రేకలు పైకి, ముందువైపు లేత ఊదారంగు పెదవి, నేలమీద సీతాకోక వాలినట్టుంది. దగ్గరికి వంగితే చల్లని తియ్యని వాసన. ముగ్గురూ పిల్లల్లా నేలమీద బోర్లా పడుకుని చూశారు. సాయంత్రానికి అది వాడింది. మర్నాడు పొద్దున పక్కనే ఇంకొకటి లేచింది.

"షోకి ఎన్ని రోజులుండాయి?" అంది మధుమిత.

"పదకొండు."

"ఇయ్యిమా. పేరియ్యి."

"ఒక్కో పువ్వు ఒక్కరోజే నిలుస్తాది. ఆ రోజుకు పూయకపోతే ఉత్త మట్టి ఉండే కుండీ తీసుకుపోయి పెట్టాల్సొస్తాది," అంది రాజలక్ష్మి. అంటూనే పేరు రాసే కాగితం కోసం సొరుగు తెరిచింది.

ప్రదర్శన రోజు, ఆదివారం పొద్దున, అన్నిటికన్నా వెడల్పాటి కుండీలో ఏడు పూలు ఒకేసారి విచ్చుకుని ఉన్నాయి. ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గర డ్రైవరుని బతిమాలుతూ పురసవాక్కం చేరుకున్నారు.

కళ్యాణమండపంలో బల్లల మీద అడీనియంలు, బోగన్‌విల్లాలు, గులాబీలు. గోపాలస్వామి మల్లెకుండీ మధ్యలో, తెల్లటి బంతిలా. వాటి పక్కన రాజలక్ష్మి కుండీ వింతగా ఉంది. నల్లమట్టి, ఏడు పూలు. వచ్చినవాళ్లు వంగి వాసన చూసి, "ఆకేది?" అని అడిగి వెళ్తున్నారు.

గోపాలస్వామి వచ్చాడు. వంగి చూసి, పకపకా నవ్వి, హాలంతా వినబడేట్టు అన్నాడు.

"ఏం చెల్లెమ్మా, పూలు యాడనో కోసుకొచ్చి మట్టిలో గుచ్చినావా? పోయిన నెల నేను పైనుంచి చూసినాను గదా, ఉత్త మట్టే ఉండె!"

ఆయన వేళాకోళంగానే అన్నాడేమో. కానీ పక్కనున్న నిర్వాహకుడు ఆ మాట పట్టుకున్నాడు. కోసిన పూలు కుండీ విభాగంలో పెట్టకూడదన్నది నియమం. ఆయన ఒక ఎర్ర చీటీ తెచ్చి కుండీ అంచుకు తగిలించాడు. పోటీ నుంచి పక్కన పెట్టినట్టు లెక్క.

రాజలక్ష్మి వంగి ఆ చీటీ చదివింది. తొమ్మిదిసార్లు కప్పు తీసుకున్న హాల్లో తన కుండీకి దొంగ అన్న చీటీ. చుట్టూ జనం గుమిగూడారు. మధుమిత ఫోను తీసి, "సార్, ఇది పూసిన రోజు నుంచి నా దగ్గర ఫోటోలుండాయి, చూడండి," అని తమిళంలో గట్టిగా మొదలుపెట్టింది.

"ఫోటోలో కుండీ ఇదేనని ఎవరు చెప్పాలమ్మా?" అన్నాడు నిర్వాహకుడు.

అప్పుడే న్యాయనిర్ణేత వచ్చారు. ఆయన పేరు ఆంటో. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, గులాబీల్లో ఆయనకు తెలియనిది లేదంటారు. గొడవేమిటో విన్నారు. కళ్లద్దాలు పైకి తోసి, కుండీని నాలుగు వైపులా చూశారు.

"నాకూ ఈ మొక్క తెలియదమ్మా. ఆకు లేకుండా, కొమ్మ లేకుండా పువ్వెలా వస్తుంది? ఒక పువ్వు లాగి చూడనా?" అని మర్యాదగానే అడిగారు.

"లాగొద్దు సార్," అంది రాజలక్ష్మి. "లాగితే తెగి వొస్తాది. అప్పుడు మీరన్నదే నిజమైపోతాది."

ఆమె ఒక్కసారి భర్త వైపు చూసింది. ఏకాంబరానికి ఆమె ఏం చేయబోతోందో అర్థమైంది. ఏడాదిగా మోసిన ఆకు సంచులు ఆయన భుజాలకు గుర్తొచ్చాయి. అయినా తలూపాడు.

"ఒక బకెట్ నీళ్లు తెప్పించండి. నేల మీద పేపరు వెయ్యండి," అంది.

కుండీని రెండు చేతులతో దింపి పేపరు మీద పెట్టింది. కుండీ పక్కన నేలమీద కూర్చుంది. మండపం వాకిట్లోంచి ఎవరో తెచ్చిచ్చిన రాయి తీసుకుని కుండీ పొట్ట మీద ఒక్కటి వేసింది. పెంకు చీలింది. ఇంకొకటి. కుండీ నాలుగు ముక్కలై పక్కలకు పడిపోయింది. జనంలో ఎవరో "అయ్యయ్యో" అన్నారు.

మట్టిముద్ద నిలబడింది, పైన ఏడు పూలు వణుకుతూ. రాజలక్ష్మి దోసిలితో నీళ్లు పోస్తూ, వేళ్లతో మట్టి మెల్లగా రాల్చింది. తొందరపడలేదు. నల్లమట్టి కరిగి జారుతుంటే ముందు పువ్వు అడుగు కనిపించింది, దాని కింద తెల్లటి సన్నని గొట్టం, ఇంకా కింద ఊదారంగు పొరలు, ఆ పొరల మొదట్లో గట్టి గడ్డ. ఏడు పూలూ మూడు గడ్డల్లోంచి పుట్టి ఉన్నాయి. ప్రతి గడ్డ నుంచి వేళ్లు వేలాడుతున్నాయి, ఒక్కో వేరు చివర పిట్టగుడ్డంత తెల్లటి దుంప.

ఆమె రెండు అరచేతుల మీద దాన్ని పైకెత్తింది. నీళ్లు మోచేతుల మీదుగా కారి చీర తడిసింది. పువ్వు నుంచి వేరు దాకా ఎక్కడా అతుకు లేదు.

"ఇప్పుడు చూడండి సార్. గుచ్చిందా, పుట్టిందా?"

ఆంటో గారు తెల్ల ప్యాంటుతో ఆ బురద నేల మీదే మోకాళ్ల మీద కూర్చున్నారు. ఒక వేలితో గడ్డను తాకారు. వంగి వాసన చూశారు. లేచి నిలబడ్డారు.

"ముప్ఫై ఏళ్లుగా గులాబీలకు మార్కులు వేస్తున్నాను. భూమి ఇలా కూడా పూస్తుందని నాకు తెలియదు," అన్నారు. తర్వాత ఎర్ర చీటీ తీసి జేబులో వేసుకున్నారు.

నిర్వాహకుడు నసిగాడు. "సార్, ఇది కుండీల విభాగం గదా. కుండీ పగిలిపోయింది..."

"బహుమతి కుమ్మరికిస్తున్నామా?" అన్నారు ఆంటో గారు.

ముందు ఎవరు చప్పట్లు మొదలుపెట్టారో తెలియదు. తర్వాత హాలంతా కొట్టింది. మధుమిత వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేసింది. ఏకాంబరం ఏడుస్తున్నాడు. ఆ సంగతి ఎవరూ చూడకూడదని పగిలిన పెంకులు ఏరుతూ కూర్చున్నాడు. కప్పుకు పేరు పిలిస్తే, అందుకోవడానికి రాజలక్ష్మికి రెండు చేతులూ ఖాళీ లేవు. "ముందు దీన్ని తడిగుడ్డలో చుట్టాల. ఎవురన్నా తువ్వాలియ్యండి," అంది వేదిక కింద నిలబడి. తన జరీ అంచు కండువా తీసిచ్చినవాడు గోపాలస్వామి.

ఆయన ముఖం చిన్నబోయి ఉంది. "తప్పైపాయె చెల్లెమ్మా. నోరు ఊరుకోదు నాకు."

"మీరు అనబట్టే గదన్నా, వేరు దాకా అందరూ చూసినారు," అంది ఆమె గడ్డల్ని కండువాలో చుట్టుకుంటూ. నిజంగానే ఆమెకు కోపం లేదు. కోపానికి చోటే లేనంత సంతోషంగా ఉంది.

వారం తర్వాత గోపాలస్వామి చేతులు కట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. తన బిల్డింగు కింద కార్లు పెట్టేచోట గోడ పక్కన ముప్ఫై అడుగుల మట్టి ఉందని, ఏం నాటినా చస్తోందని, సంగతి చూడమని అడిగాడు. రాజలక్ష్మి వెళ్లి చూసింది. మట్టి పిడికిట్లో పట్టి పిండింది, పెదవి విరిచింది.

"చేస్తా. కానీ ఒక మాట. నేను చెప్పిందాకా ఎవురూ ఒక చెంబు నీళ్లు గూడా పొయ్యబాకండి. మీ వాచ్‌మన్‌కు గూడా చెప్పండి."

"నువ్వెట్లంటే అట్లే తల్లీ," అన్నాడు ఆయన.

వానలు పడ్డాక ఆ ముప్ఫై అడుగులూ పచ్చబడ్డాయి. అక్కడ చూసి వేపేరి నుంచి ఒకామె, ఎగ్మూరు నుంచి ఇద్దరు వచ్చి గడ్డలు అడిగారు. చీకటి వాకిళ్లు, లిఫ్టు పక్కన ఇరుకు సందులు, వంటింటి వెనక నాలుగడుగుల ఖాళీలు మద్రాసులో ఎన్ని ఉన్నాయో రాజలక్ష్మికి అప్పుడు తెలిసింది. కాళియమ్మ ఈసారి తన సంచులు నాటు మందుల అంగడి కన్నా ముందు చింతాద్రిపేటలో దించింది. పెరడంతా తిరిగి చూసి, "మా కొండ మీద ఇంత నిగనిగలాడవు," అని అబద్ధం ఆడింది. ఆ రాత్రికి భోజనం చేసే వెళ్లింది.

ఈ ఏడు ఫిబ్రవరిలో ఆంటో గారు స్వయంగా ఇంటికి వచ్చారు. ప్రదర్శనలో నీడ మొక్కలకని కొత్త విభాగం పెడుతున్నామని, అప్పుడే పంతొమ్మిది పేర్లు వచ్చాయని చెప్పారు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టారు.

"ఆ విభాగానికి న్యాయనిర్ణేతగా మీరే ఉండాలమ్మా. మా అందరి కోరిక."

ఏకాంబరం ఛాతీ పొంగింది. అవునని చెప్పమన్నట్టు భార్యకేసి కళ్లెగరేశాడు.

"జడ్జీనా? నేనా?" రాజలక్ష్మి గ్లాసులు తీస్తూ ఆగిపోయింది. "అదెట్ల కుదురుతాది సార్? నాలుగు కుండీలు రెడీ చేస్తా ఉండాను. నేను పోటీలో ఉండాను గదా!"